మధ్యలో పూచీ ఎవరిది?

మంగళగిరి,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మేమిక్కడ క్షేమం. నాయనమ్మ మోకాలు మాత్రం ఎప్పటిలాగే వాన కబురు ఒక రోజు ముందే చెబుతోంది.

దసరాకి మీ దగ్గర పది రోజులున్నాను కదా. ఒక రాత్రి మీ అమ్మ పోపు వేస్తూ కరివేపాకు లేదంది. నేను తెస్తానని లేచాను. చొక్కా గుండీలు పెట్టుకుని, చెప్పులు వెతుక్కుని, సంచీ అడిగేసరికి చిన్నా ఫోన్ నొక్కడమూ, కరివేపాకు గుమ్మంలోకి రావడమూ కూడా అయిపోయాయి. మర్నాడు బుజ్జి మూడు జతల చెప్పులు తెప్పించింది. ఒకటి ఉంచుకుని రెండు వెనక్కి పంపేస్తుందట. అదేమిటే తల్లీ అంటే, "రిటర్న్ ఫ్రీ తాతయ్యా, ఎవరికీ నష్టం లేదు" అంది.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంబడించింది. పోస్ట్‌మ్యాన్‌గా చేరి, గుమాస్తాగా రిటైరయ్యేదాకా ముప్పై నాలుగేళ్ళు పార్సిళ్ళ మధ్య బతికినవాణ్ణి. ఎవరికీ నష్టం లేకుండా అటూ ఇటూ తిరిగిన పార్సిలు ఒక్కటి కూడా చూడలేదు. అక్కడే చెబుదామనుకుంటే మీకు ట్యూషన్ టైమైపోయింది. ఉత్తరానికి ఆ తొందర లేదు.

అసలు చిక్కు ఎక్కడుందో ముందు చెబుతాను. కొట్లో ఎదురెదురుగా నిలబడితే ఈ చేత్తో డబ్బు, ఆ చేత్తో సరుకు. అమ్మేవాడు ఒక ఊళ్ళో, కొనేవాడు ఇంకో ఊళ్ళో ఉంటే ఇద్దరిలో ఒకరు ముందుగా చెయ్యి వదలాలి. డబ్బు ముందు పంపితే సరుకు రాకపోవచ్చు. సరుకు ముందు పంపితే డబ్బు రాకపోవచ్చు. కాబట్టి మధ్యలో ఎవరో ఒకరు పూచీ పడాలి. మీరు చూసే ఆన్‌లైన్ వ్యాపారమంతా ఈ పూచీ ఎవరు మొయ్యాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. మిగతాదంతా రంగు కాగితం.

మీరు క్యాష్ ఆన్ డెలివరీ అంటారే, మా పోస్టాఫీసులో అది 1877 నుంచీ ఉంది. వీపీపీ అనేవాళ్ళం. అమ్మేవాడు పార్సిలు మాకిస్తాడు. మేం తీసుకెళ్ళి డబ్బు కట్టించుకుని పార్సిలు ఇస్తాం. ఆ డబ్బు మనియార్డరుగా అమ్మేవాడికి పోతుంది. పంచాంగాలు, పుస్తకాలు, గడియారాలు, జుట్టు తైలాలు, బోలెడన్ని అలా పల్లెలకి చేరాయి. మోసగాళ్ళూ అలాగే చేరారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వారపత్రికలో ప్రకటన చూసి ట్రాన్సిస్టరుకి రాశాను. నా పార్సిలు నేనే డెలివరీ చేసుకుని, నా డబ్బు నేనే కట్టి, నా సంతకం నేనే పెట్టి విప్పితే లోపల పాత పేపర్లలో చుట్టిన ఇటుక. బరువు మాత్రం రేడియోకి సరిగ్గా సరిపోయింది, ఆ శ్రద్ధకి మెచ్చుకోవాల్సిందే. డబ్బు కట్టకుండా విప్పి చూడనివ్వం, కట్టాక లోపల ఏముందన్నది మాకు పట్టదు. పోస్టాఫీసు పూచీ పార్సిలు చేరడం వరకే.

1994లో అమెరికాలో జెఫ్ బెజోస్ అనే ఆయన న్యూయార్క్ ఉద్యోగం మానుకుని సియాటిల్ దగ్గర ఒక ఇంటి గ్యారేజీలో అమెజాన్ మొదలుపెట్టాడు. 1995 జులైలో అమ్మకాలు తెరిచాడు. పుస్తకాలే ఎందుకు అమ్మాడో ఆలోచించారా? పుస్తకానికి సైజు ఉండదు. వంకాయలా పుచ్చదు. ఒకే పుస్తకం ఎక్కడ కొన్నా ఒకటే, కాబట్టి చూడకుండా కొనడానికి భయం తక్కువ. పైగా ఏ కొట్లోనూ పట్టనన్ని రకాలుంటాయి. మన దేశంలోనూ అదే జరిగింది. 2007 అక్టోబరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పెట్టి పుస్తకాలతోనే మొదలయ్యారు. ఇంటిపేరొకటే గాని అన్నదమ్ములు కారు. ఇద్దరూ ఢిల్లీ ఐఐటీలో చదివి, అమెజాన్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్ళు. వాళ్ళకి మొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి వెళ్ళింది. అడిగిన పుస్తకం వాళ్ళ దగ్గర లేదు. బెంగళూరులో పుస్తకాల షాపులు గాలించి, ఎక్కడో దొరికితే పంపారు.

కానీ మనవాళ్ళలో క్రెడిట్ కార్డులున్నది ఎంతమందికి? ఉన్నవాళ్ళు మాత్రం కనపడని కొట్టుకి ముందే డబ్బు కడతారా? 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. మా వీపీపీకి కొత్త చొక్కా తొడిగినట్టే. ఒక్క తేడా ఉంది, ఆ తేడాలోనే అంతా ఉంది: నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్నారు. నా ఇటుకకి లేని పూచీ అది. ఆ తర్వాత ఇక ఆగలేదు. 2013 జూన్‌లో అమెజాన్ మన దేశంలో కొట్టు తెరిచింది. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే అంటే జనం ఎగబడి సైటు కుప్పకూలింది, యజమానులు క్షమాపణ ఉత్తరాలు రాసుకున్నారు. 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాని అమెరికా వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకి కొనేసింది. మరుసటేడు అమెజాన్ హైదరాబాదులో నానక్‌రామ్‌గూడలో పెద్ద క్యాంపస్ కట్టింది, మీ నాన్న కార్లోంచి చూపించాడే, అదే. 2020లో రెండు యాప్‌లూ తెలుగులోకి వచ్చాయి. నాయనమ్మ ఇప్పుడు తనే చదువుకుని జల్లెడలు చూస్తుంది. కొనదు, చూస్తుంది.

"కొట్టు తెరిచింది" అన్నాను గానీ, అది తప్పు. విదేశీ పెట్టుబడి ఉన్న ఇలాంటి కంపెనీలు మన చట్టం ప్రకారం సొంత సరుకు పెట్టుకుని నేరుగా జనానికి అమ్మకూడదు. వేరే అమ్మకందార్లకి చోటివ్వాలి, అంతే. అంటే కొట్టు కాదు, సంత. ఉండవల్లి మామ్మతో చిన్నప్పుడు నేను సంతకి వెళ్తే, గంప దింపగానే సంతని వేలంలో పాడుకున్న పాటదారు మనిషి వచ్చి ఆశీలు, అంటే చోటు రుసుము, వసూలు చేసుకునేవాడు. వంకాయలు అమ్ముడైనా, మిగిలినా ఆయన డబ్బు ఆయనకి ముట్టాలి. ఇక్కడా అంతే. అమ్మినదాని మీద కమీషను, రవాణా ఖర్చు, గోడౌన్‌లో పెడితే దానికి వేరే. ఇవి చాలక ముందు వరసలో గంప పెట్టుకోవాలంటే మళ్ళీ డబ్బు. నువ్వు చెప్పులని వెతికినప్పుడు పైన వచ్చే రెండు మూడింటి పక్కన సన్నటి అక్షరాల్లో స్పాన్సర్డ్ అని ఉంటుంది చూడు. అవి మంచివని పైకి రాలేదు, ఆ చోటు కొనుక్కున్నాయి. 2024లో అమెజాన్‌కి ప్రపంచం మొత్తమ్మీద ప్రకటనల నుంచే 5,600 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది. పాటదారుకి ఆశీలుతో పాటు ముందు వరస మీద కూడా రాబడి బాగుంది.

ఇప్పుడు ఆ "ఎవరికీ నష్టం లేదు" దగ్గరికి వస్తాను. మా వెనక వీధిలో గుంటమగ్గం ఉన్న ఇల్లు గుర్తుందా? చిన్నా ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని లేవనని మొండికేశాడు. ఆ ఇంటబ్బాయి చీరలకి ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడుతున్నాడు. నిజాం అంచు చీర ఒకటి ఎక్కడో ఉత్తరాదికి వెళ్ళి పన్నెండో రోజున తిరిగొచ్చింది. కారణం అన్నచోట "రంగు నచ్చలేదు" అని రాశారు. కొంగు మీద పసుపు మరక, మడతల్లో రెండు అక్షింతలు. ఎవరింట్లోనో పెళ్ళి చక్కగా జరిగింది. ఆ అబ్బాయి దాన్ని కొత్త చీరగా అమ్మలేడు. పోను ఖర్చు పోయింది, రాను ఖర్చు కొంత అతని లెక్కలోనే పడింది, మగ్గం మీద వాళ్ళ నాన్న కూర్చున్న రోజులు ఏ లెక్కలోనూ పడలేదు. బుజ్జీ, నువ్వలా చేశావని కాదు తల్లీ, నీవి కొత్త చెప్పులే, పెట్టె కూడా నలగలేదు. కానీ ఆ రెండు పెట్టెలూ వెనక్కి వెళ్ళాక ఎవరో విప్పి, చూసి, మళ్ళీ కట్టాలి. పనికిరాదనుకుంటే టోకున ఎంతకో అంతకి వదిలించుకుంటారు. ఆ ఖర్చు తర్వాతి చెప్పుల ధరలోకి మెల్లగా చేరుతుంది. రిటర్న్ ఉండాలి. ఇటుక తిన్నవాణ్ణి, నాకు తెలుసు. అది ఫ్రీ అన్నది మాత్రం నీ వైపు నుంచే.

కరివేపాకు సంగతి వేరు. అది అంత తొందరగా రావడంలో మాయేమీ లేదు. మీ ఇంటికి రెండు మూడు కిలోమీటర్లలో జనాన్ని లోపలికి రానివ్వని గిడ్డంగి ఒకటుంటుంది. డార్క్ స్టోర్ అంటారు. మీ పేటవాళ్ళు ఏ వేళకి ఏం అడుగుతారో పాత ఆర్డర్లని బట్టి ముందే తెచ్చి పెట్టుకుంటారు. ఇలా నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే జెప్టో అనేదాన్ని 2021లో పెట్టిన ఇద్దరు కుర్రాళ్ళకి అప్పుడు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. అలాంటిదే ఇన్‌స్టామార్ట్. దాన్ని నడిపే స్విగ్గీ స్థాపకుల్లో ఒకరైన శ్రీహర్ష మాజేటి మన బెజవాడ పిల్లవాడు. తెలివైనవాళ్ళు, కాదనను. కానీ ఆ రాత్రి తలుపు తీసింది నేను. కుర్రాడు తడిసి ఉన్నాడు, కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. మంచినీళ్ళు కావాలా బాబూ అంటే "టైం లేదు సార్" అని మెట్లు దిగిపోయాడు. నేనూ వానలో తిరిగాను. కానీ నాకు నెల జీతం ఉండేది, సైకిల్‌కి అలవెన్సు ఉండేది, ఇవాళ పింఛనొస్తోంది. అతని బండి అతనిదే, పెట్రోలూ అతనిదే. ఆర్డరుంటే డబ్బు, లేకపోతే లేదు. సరుకు మీద పూచీ కంపెనీ తీసుకుని, తొందర మీద పూచీ అతని నెత్తిన పెట్టినట్టుంది నాకు. ఇలాంటి పనివాళ్ళ కోసం దేశంలో మొదటి చట్టం 2023లో రాజస్థాన్ చేసింది. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం కంపెనీలు తమ ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం వీళ్ళ సంక్షేమానికి ఇవ్వాలి. ఈసారి అతనొస్తే పావు నిమిషం ఆపి నీళ్ళివ్వండి. వద్దంటే సరే.

చిన్నా, నువ్వొకటి అడిగావు: అంత పెద్ద ఊళ్ళో మన ఇల్లెలా కనుక్కుంటారని. అది మా డిపార్టుమెంటు గొప్పే, కాస్త చెప్పుకోనీ. ఏ యాప్ తెరిచినా ముందు పిన్‌కోడ్ అడుగుతుంది. దాన్ని 1972 ఆగస్టు 15న తపాలా శాఖ తెచ్చింది. రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ సంస్కృత కవి కూడా. మన మంగళగిరి 522503. ముందున్న 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల గుర్తు. 522 అంటే గుంటూరులో వేరు చెయ్యాల్సిన ఉత్తరం. చివరి మూడూ మన పోస్టాఫీసు. భాష రాకపోయినా, రాత చదవలేకపోయినా ఆరంకెలతో సంచి దారిన పడేది. ఆ తర్వాత "రావిచెట్టు పక్క సందు, నీళ్ళ ట్యాంకు ఎదురు" అన్నది పోస్ట్‌మ్యాన్ బుర్రలో ఉండేది. ఇప్పుడు దానికీ మందు కనిపెట్టారు. 2025లో డిజిపిన్ అని తెచ్చారు. దేశాన్నంతా దాదాపు నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, ప్రతి గడికీ పది అక్షరాల గుర్తిచ్చారు. మా శాఖతో కలిసి ఐఐటీ హైదరాబాదు, ఇస్రో వాళ్ళ ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ చేసిన పని. మన తులసికోటకి ఒక నంబరు, వీధి గుమ్మానికి ఒక నంబరు. 2021లోనే వికారాబాదులో డ్రోన్లతో మందులు పంపి చూశారు కదా. రేపు పార్సిలు తులసికోట పక్కనే దిగితే నాయనమ్మ దానికీ నాలుగు తిట్లు పెడుతుంది.

ఇక ముందు ఏఐయే కొనిపెడుతుందని నువ్వన్నావు. నిజమే, 2025 అక్టోబరులో చాట్‌జీపీటీలో మాట్లాడుతూనే యూపీఐతో సరుకులు కొనే ప్రయోగం మన దేశంలో మొదలుపెట్టారు. నువ్వు "పండక్కి కావలసినవి తెప్పించు" అంటావు, అది బెల్లం బదులు చక్కెర తెప్పిస్తుంది. అప్పుడు అరిసెల పూచీ ఎవరిది? చెప్పిన నీదా, విన్నదానిదా, అమ్మినవాడిదా? ముందు వరసలో గంప పెట్టడానికి అక్కడా ఆశీలు కడతారా? నువ్వు పెద్దయ్యి ఇలాంటివి తయారుచేస్తానంటున్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. తీరిగ్గా ఆలోచించి రాయి.

మరొక్కటి. "ఇంకా రెండే ఉన్నాయి, త్వరపడండి" అని ఎర్రటి అక్షరాల్లో వస్తే కంగారు పడకండి. సంతలో చేపలమ్మి కూడా పొద్దున్నే "అయిపోతున్నాయమ్మా" అని అరుస్తుంది. అబద్ధపు తొందర పెట్టడం, అడగనిది బుట్టలో వెయ్యడం లాంటి 13 రకాల జిత్తులు చెయ్యకూడదని 2023లో కేంద్రం జాబితా వేసింది. కంపెనీకి ఫిర్యాదు పెడితే 48 గంటల్లో అందిందని వాళ్ళు చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. మొన్న నాయనమ్మకి ఎవడో ఫోన్ చేసి, రిఫండ్ రావాలంటే యూపీఐ పిన్ కొట్టమన్నాడు. "డబ్బు నాకొచ్చేదైతే నా పిన్నెందుకు నాయనా" అని అడిగితే పెట్టేశాడు. డబ్బు పంపడానికి పిన్ కొట్టాలి గానీ, రావడానికి అక్కర్లేదు. పొరపాటున కొట్టేస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

ఈ ఉత్తరాన్ని రిజిస్టరు చేద్దామనుకున్నాను. 2025లో రిజిస్టరు పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, నా చేతుల మీదుగా ఎన్ని వేలు పోయాయో. కాబట్టి స్పీడ్ పోస్టే. దీంతోపాటు ఒక పార్సిలు కూడా వస్తుంది. సున్నుండలు ఇరవై నాలుగు. నాయనమ్మ లెక్కపెట్టి కట్టింది. విప్పేటప్పుడు వీడియో తియ్యక్కర్లేదు.

ఇట్లు,
మీ తాతయ్య