కొత్త నాణేల గ్రేడింగ్: మన ఊళ్లలో తిరిగే అపోహలు, అసలు సంగతులు

విజయనగరంలో నాణేలు, నోట్లు కొనడం, అమ్మడం నా పని. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి సేకర్తలు తెచ్చే నాణేలన్నీ పోగుచేసి, అధీకృత డీలరు ద్వారా అమెరికాకు గ్రేడింగ్‌కు పంపిస్తుంటాను. ఈమధ్య నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం రాజుల కాలం నాణేల గురించి కావు. అన్నీ 1947 తర్వాతవి, అందులోనూ గత పదిహేను ఇరవై ఏళ్లలో వచ్చినవి. వాటిలో పంపేవాటికన్నా తిప్పి ఇచ్చేసేవే ఎక్కువ. ఎందుకు తిప్పి ఇస్తున్నానో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెట్టడం నయమనిపించింది.

తెలియనివారి కోసం ముందుగా రెండు మాటలు. నాణెం అసలుదో నకిలీదో తేల్చి, దాని స్థితికి 1 నుంచి 70 మధ్య ఒక అంకె ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేయడమే గ్రేడింగ్. ఆ డబ్బాను స్లాబ్ అంటాం. ఈ 70 లెక్కను 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తయారుచేశాడు, అదీ వాళ్ల పాత రాగి సెంట్ల కోసం. తర్వాత అన్ని నాణేలకూ అదే అలవాటైపోయింది. గ్రేడింగ్ చేసే అమెరికా కంపెనీల్లో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. సేకర్తలు ఎక్కువగా నమ్మేది ఈ రెండింటి స్లాబులనే. చలామణీలోకి వెళ్లని మామూలు నాణెమైతే ఎంఎస్ (మింట్ స్టేట్, అంటే అరుగుదల లేనిది) 60 నుంచి 70 దాకా వస్తుంది. కొంచెం అరిగిందంటే ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్), అంటే 50ల్లోకి దిగిపోతుంది.

అపోహ: "బ్యాంకు నుంచి నేరుగా తెచ్చాను, ఎవరి చెయ్యీ పడలేదు. 70 ఖాయం."

చెయ్యి పడకపోవడం వేరు, దెబ్బ పడకపోవడం వేరు. టంకశాలలో ప్రెస్ నుంచి బయటపడ్డ నాణెం ముందు తొట్టెలో మిగతా నాణేల మీద పడుతుంది. అక్కడినుంచి లెక్కపెట్టే యంత్రం, సంచి, లారీ, కరెన్సీ చెస్ట్, ఆఖరికి మీ బ్యాంకు కౌంటరు. ఈ దారి పొడుగునా నాణేలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. అలా పడ్డ గాట్లను బ్యాగ్ మార్కులు అంటాం. అవి అరుగుదల కిందకు రావు కాబట్టి నాణెం ఎంఎస్‌లోనే ఉంటుంది. కాకపోతే 62, 63, 64 దగ్గర ఆగిపోతుంది. 70 కావాలంటే 5 రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం కింద, ముద్ర పడ్డాక తగిలిన గుర్తు ఒక్కటి కూడా కనపడకూడదు.

నరసన్నపేట నుంచి ఒకాయన పది రూపాయల నాణేలు ప్యాకెట్‌తో సహా తెచ్చారు. "ఏటండీ, ఇంత తళతళలాడతంటే 70 రాదా?" అని అడిగారు. టేబుల్ మీద మెత్తటి గుడ్డ పరిచి, గదిలో లైట్లన్నీ తీసేసి ఒక్క బల్బు ఉంచి, నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా తిప్పి చూపించాను. మంచి నాణెం మీద వెలుగు చుట్టూ తిరుగుతుంది, ఎక్కడా తెగదు. ఆయన నాణెం మీద సింహాల ముఖాల దగ్గర ఆ వెలుగు ఒక్క క్షణం తెగింది. లెన్స్ పెడితే సన్నటి గాటు. బయటి పసుపు రింగు మీద ఇంకో నాణెం అంచు కొట్టిన నెలవంక లాంటి గుంట. ప్యాకెట్ మొత్తం చూసినా పంపదగ్గవి రెండే తేలాయి. అవీ 66 దాటవని ముందే చెప్పాను.

మెరుపు చూసి మోసపోయేది ఇక్కడే. స్టీలు రూపాయి బిళ్ల పదేళ్లు జేబుల్లో తిరిగినా మెరుస్తూనే ఉంటుంది. చూడాల్సింది మెరుపు ఉందా లేదా అని కాదు, అది ఎక్కడైనా తెగుతోందా అని. ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే సింహాల తలల దగ్గర, అంకె అంచుల మీద తెగి, లెన్స్ కింద అక్కడ గాటేమీ కనపడకపోతే అది అరుగుదలే.

అపోహ: "పంపేముందు కాస్త శుభ్రం చేస్తే గ్రేడ్ పెరుగుతుంది."

ఈ ఒక్క నమ్మకం పాడుచేసినన్ని మంచి నాణేలను ఇంకేదీ పాడుచేయలేదు. మన జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. కారణం నాకు అర్థమవుతుంది. బుడితి ఇత్తడి చెంబుకు చింతపండు పట్టించి తోమితే ఇంటికే కళ వస్తుంది. నాణేనికి అదే పని చేస్తే దాని పైపొర పోతుంది, పోయిన పొర మళ్లీ రాదు.

గాంధీజీ శతజయంతికి 1969లో వచ్చిన పది రూపాయల వెండి నాణెం చాలా ఇళ్లలో ఉంది. 15 గ్రాముల బరువు, 80 శాతం వెండి. పూజగదిలో పెట్టి ఏటా విభూతితోనో పళ్లపొడితోనో తోమినవి నా దగ్గరకు వస్తుంటాయి. కళ్లకు తెల్లగా, కొత్తగా కనిపిస్తాయి. లెన్స్ కింద పెడితే ముఖం మీద, ఖాళీగా ఉన్న భాగం మీద ఒకే దిక్కుగా సాగిన వెంట్రుకల్లాంటి గీతలు వందలు. అంచు మూలల్లో విభూతి ఇంకా తెల్లగా ఇరుక్కుని ఉంటుంది. గ్రేడర్లకు ఆ గీతలు చూడటానికి క్షణం పట్టదు. అలాంటి నాణేనికి అంకె ఇవ్వరు. "డీటెయిల్స్" అని రాసి పక్కనే "క్లీన్డ్" అని కారణం వేస్తారు. అమ్మేటప్పుడు మంచి అంకె ఉన్న నాణేనికి వచ్చే ధర దీనికి రాదు. తోమకుండా నల్లబడి ఉన్న అదే నాణెం ఎంతో మెరుగైన గ్రేడ్ తెచ్చుకునేది.

మెత్తటి గుడ్డతో తుడవడం కూడా తోమడమే. రబ్బరు, టూత్‌పేస్టు, నిమ్మకాయ, వెండి మెరుగు ద్రావకాలు, ఏదీ వద్దు. పాత ప్లాస్టిక్ ఆల్బమ్ పేజీల్లోంచి దిగిన జిడ్డు ఆకుపచ్చ పొర ఉంటే అది పీవీసీ వల్ల వచ్చింది, లోహాన్ని తినేస్తుంది. దాన్ని తీసే పద్ధతులు ఉన్నాయి కానీ గోళ్లరంగు తీసే సీసాతో ప్రయోగాలు చేయకండి. అందులో రంగులు, నూనెలు కలిసి ఉంటాయి. పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండింటికీ ఈ పని చేసిపెట్టే సొంత విభాగాలున్నాయి, వాళ్లకు వదిలేయండి.

అపోహ: "ప్రూఫ్ అంటే అన్నిటికన్నా పెద్ద గ్రేడ్."

కాదు. ప్రూఫ్ అనేది తయారుచేసే పద్ధతి. బాగా మెరుగుపెట్టిన బిళ్లను, మెరుగుపెట్టిన డైలతో, అంటే ముద్ర వేసే అచ్చులతో, ఒకటికన్నా ఎక్కువసార్లు కొడతారు. నేల, అంటే బొమ్మ చుట్టూ ఖాళీగా ఉన్న భాగం, అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా వస్తాయి. మన ముంబై, కోల్‌కతా, హైదరాబాద్ టంకశాలలు స్మారక నాణేలను ప్రూఫ్ సెట్లుగా, యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్, చలామణీలోకి వెళ్లని మామూలు నాణేల) సెట్లుగా రెండు రకాలుగా అమ్ముతాయి. ప్రూఫ్ నాణేనికి పీఎఫ్ లేదా పీఆర్ అని ముందు వేసి 70 లోపు అంకె విడిగా ఇస్తారు. అద్దంలాంటి నేల మీద ఒక్క వేలిముద్ర పడినా అంకె దిగిపోతుంది.

టంకశాల పెట్టెలో ఉంది కదా, ఇక చూడక్కర్లేదని కూడా అనుకోకండి. పెట్టెలోనే మచ్చలు దిగిన నాణేలు నేను బోలెడు చూశాను. గత దశాబ్దంలో వచ్చిన 100 రూపాయల స్మారక నాణేల్లో చాలావాటిలో వెండి సగమే. 40 శాతం రాగి, మిగిలింది నికెలు, జింకు. అంత రాగి ఉన్న బిళ్లను కళింగపట్నం గాలికో, భీమిలి రోడ్డు పక్కన ఇంట్లోనో తెరిచి పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: "స్లాబ్‌లో పెడితే చాలు, ధర లక్షల్లోకి వెళ్తుంది."

2012లో వచ్చిన వైష్ణోదేవి అమ్మవారి ఐదు, పది రూపాయల నాణేలకు పది లక్షలు వస్తాయంటూ వాట్సాప్‌లో తిరిగే కథ మీకూ వచ్చే ఉంటుంది. ఆ నాణేలు చలామణీ కోసం భారీగా కొట్టినవే, నేటికీ చిల్లరలో దొరుకుతాయి. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు, లోగో వాడి ఫీజులు, కమీషన్లు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటనే ఇచ్చింది. అయినా నెలకొకరైనా ఆ బిళ్ల పట్టుకుని వస్తారు. ముందుగా "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టేసి వచ్చేవారిని చూస్తే బాధేస్తుంది.

గ్రేడింగ్ కంపెనీ ధర చెప్పదు, స్థితి మాత్రమే చెబుతుంది. లెక్క ఇంట్లోనే వేసుకోవాలి. గ్రేడింగ్ ఫీజు, డీలరు ఛార్జీ, రానూపోనూ రవాణా, బీమా, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్. ఒకే ఒక్క నాణెం పంపితే ఇవన్నీ దాని నెత్తినే పడి వేలల్లోకి వెళ్తాయి. పదిమంది కలిసి పంపితే రవాణా వాటా తగ్గుతుంది, ఫీజు మాత్రం తగ్గదు. అమ్మితే వందలు కూడా రాని నాణేనికి వేలు పోసి డబ్బా కట్టించడం మీ ఇష్టం. కూతురు పుట్టిన ఏడాది నాణెమనో, తాత ఇచ్చిందనో జ్ఞాపకంగా చేయించుకుంటానంటే నేనెప్పుడూ వద్దనను. వ్యాపారం అనుకుంటే మాత్రం వద్దంటాను.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. కంపెనీల వెబ్‌సైట్లలో పాపులేషన్ రిపోర్టు ఉంటుంది. ఏ నాణెం ఏ గ్రేడ్‌లో ఎన్ని వచ్చాయో అందులో చూపిస్తారు. "ప్రపంచంలో ఇలాంటివి మూడే ఉన్నాయి" అని అమ్మేవాళ్లు చూపించేది ఆ పట్టికే. మూడే ఉన్నాయంటే మూడే పంపారని అర్థం. మన స్టీలు రెండు రూపాయల బిళ్లను అమెరికాకు పంపేవాళ్లు ఎందరుంటారు? రేపు ఎవరో ఒక సంచి మొత్తం వెతికి ముప్పై పంపితే ఆ "అరుదు" కాస్తా పోతుంది. పాపులేషన్‌ను నమ్మాలంటే, ఆ రకం నాణెం ఇప్పటికే బోలెడుమంది పంపినదై ఉండాలి.

నక్షత్రం గుర్తు ఉంటే ఎక్కువ ధర వస్తుందా అని కూడా అడుగుతారు. నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు, నోయిడాది గుండ్రటి చుక్క, ముంబైది వజ్రం ఆకారం, కోల్‌కతాకు గుర్తే ఉండదు. ఏ ఏడాది, ఏ విలువ, ఏ టంకశాల అనే మూడూ కలిస్తేనే కొన్ని అరుదవుతాయి. గుర్తు ఒక్కదానితో ఏమీ రాదు.

అపోహ: "తేడాగా ఉంది కాబట్టి ఎర్రర్ నాణెమే."

టంకశాలలో జరిగిన తప్పు వేరు, బయట జరిగిన నష్టం వేరు. రైలు పట్టా మీద పెట్టి చదును చేసినవి, సుత్తితో కొట్టి మధ్య బిళ్ల ఊడగొట్టిన పది రూపాయలు, యాసిడ్‌లో ముంచి సన్నం చేసినవి, ఇవన్నీ నష్టమే. నిజమైన ఎర్రర్‌లో లోహం ప్రవహించిన తీరు చెబుతుంది. ముద్ర పక్కకు జరిగితే జరిగిన వైపు అంచు నునుపుగా, ముద్ర లేకుండా ఉంటుంది. మన నాణేల్లో తేలిగ్గా చూడగలిగేది డై తిరగడం. నాణేన్ని నిలువుగా పట్టుకుని పుస్తకంలో పేజీలా పక్కకు తిప్పండి. రెండో వైపు కూడా నిటారుగా కనిపించాలి. బాగా ఒరిగి కనిపిస్తే డై తిరిగినట్టు. కొద్దిపాటి ఒరుగుడు మనవాటిలో మామూలే, దానికి గ్రేడింగ్ దండగ. ఎర్రర్ అని లేబుల్ మీద రాయించాలంటే అదనపు ఫీజు కూడా ఉంటుందని మర్చిపోకండి.

ప్యాకింగ్ గురించి, క్లుప్తంగా

పిన్నులు కొట్టిన అట్ట హోల్డర్లలో పంపకండి, తీసేటప్పుడు పిన్ను గీస్తుంది. పీవీసీ లేని మైలార్ ఫ్లిప్‌లో, అంటే నాణేలు పెట్టే పారదర్శకమైన చిన్న కవరులో, ఒక్కో నాణెం పెట్టి, ఫారంలో రాసిన వరుసలోనే సర్దండి. ఊపితే చప్పుడు రాకూడదు. చాలా కొరియర్ల షరతుల్లో నాణేలకు మినహాయింపులుంటాయి, బీమా వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. నూరేళ్లు దాటిన నాణేలు మాత్రం నా దగ్గరకు ఇందుకోసం తేవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వాటిని దేశం దాటించకూడదు.

అపోహ: "అనుకున్న గ్రేడ్ రాకపోతే డబ్బు వాపస్."

రాదు. "డీటెయిల్స్" వచ్చినా ఫీజు ఫీజే. అభిప్రాయం చెప్పినందుకే ఆ ఫీజు, మీకు నచ్చిన అభిప్రాయం చెప్పినందుకు కాదు. మళ్లీ పంపితే అంకె ఒకటి పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. చూసేది మనుషులే కదా.

అపోహ: "స్లాబ్‌లోకి వెళ్లాక ఇక ఏమీ కాదు, మోసం ఉండదు."

స్లాబ్ గాలి పూర్తిగా చొరబడని డబ్బా కాదు. రాగి నాణెం రంగు మారడం, వెండి మీద తెల్లమచ్చలు తేలడం లోపల కూడా జరుగుతాయి. ఇలాంటివాటికి కంపెనీల గ్యారంటీలో మినహాయింపులున్నాయి, షరతులు చదివి కొనండి. తీరప్రాంతంలో ఉండేవాళ్లు స్లాబులను గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టి, వానాకాలం రాగానే ప్యాకెట్లు మార్చాలి. వంటగది గోడకు ఆనుకుని ఉన్న బీరువా వద్దు.

నకిలీ స్లాబులు కూడా మార్కెట్లో ఉన్నాయి, అసలు లేబుల్‌ను అచ్చంగా దింపేస్తున్నారు. కొనేముందు లేబుల్ మీది సర్టిఫికెట్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. నంబరు ఉండటం ఒక్కటే చాలదు, ఎందుకంటే అసలు నాణెం నంబరునే నకిలీ మీద వేస్తారు. అక్కడ ఫొటో ఉంటే గాటుకు గాటు, మచ్చకు మచ్చ పోల్చండి. తేడా చూపిస్తే అమ్మేవాడు "ఫొటోలో లైటింగ్ వల్ల అలా ఉందండీ" అంటాడు. ఆ మాట వినగానే బేరం ఆపేసి డబ్బు జేబులో పెట్టుకోండి.