పేజీ నంబరు లేని జప్తు

జమ్మూ కశ్మీర్‌లో జప్తయిన 25 పుస్తకాల వ్యవహారం హైకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దాకా వెళ్లడంతో మళ్లీ చర్చకు వచ్చింది. 1947 సంగతి, 370 సంగతి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ కేసు ముడి విప్పాలంటే 1922 దాకా వెనక్కి వెళ్లాలి.

అంతకుముందు, జరిగిందేమిటో రెండు ముక్కల్లో. 2025 ఆగస్టు 5న, అంటే 370 రద్దయిన సరిగ్గా ఆరేళ్లకు, అక్కడి హోం శాఖ ఆ 25 పుస్తకాలను జప్తు చేస్తూ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని అనుబంధంలో ఎ.జి. నూరానీ, సుమంత్ర బోస్, విక్టోరియా స్కోఫీల్డ్, అరుంధతీ రాయ్, అనురాధా భసీన్ రాసిన పుస్తకాలున్నాయి. 1991 ఫిబ్రవరిలో కుప్వారా జిల్లాలోని రెండు ఊళ్లలో సైన్యం సోదా చేసిన రాత్రి ఆడవాళ్ల మీద జరిగిందని చెబుతున్న అత్యాచారాల గురించి ఐదుగురు కశ్మీరీ యువతులు కలిసి రాసిన 'డు యు రిమెంబర్ కునన్ పోష్‌పొరా?' కూడా ఉంది. సరిగ్గా అప్పుడే శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల పుస్తకాల పండగ నడుస్తోంది. రండి, చదవండి అని సర్కారే పిలిచిన చోటికి పోలీసులు వచ్చి స్టాళ్లు వెతికారు.

ఈ పనికి వాడింది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 98వ సెక్షన్. మనమంతా నిషేధం అంటున్నాం కానీ ఆ సెక్షన్‌లో ఆ మాట లేదు, 'జప్తు' అనే ఉంది. ఆ జప్తు అధికారం క్రిమినల్ ప్రొసీజర్‌లోకి వచ్చి చేరిన కథే ఇక్కడ ముఖ్యం.

1910 ప్రెస్ యాక్టు అంటే పత్రికలవాళ్లకు హడల్. ప్రెస్సు పెట్టాలంటే డిపాజిట్ కట్టాలి, రాత నచ్చకపోతే ఆ డిపాజిట్ పోతుంది. దాన్ని తీసేయాలని దేశమంతా గోల పెడితే 1921లో తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతన కమిటీ వేశారు. (సప్రూది కశ్మీరీ పండిట్ల కుటుంబమే. చరిత్రకు ఇలాంటి వేళాకోళాలు మామూలే.) కమిటీ రద్దు చేయమంది, 1922లో చట్టం రద్దయింది, అందరూ సంతోషించారు. కానీ రాజద్రోహపు రాతల్ని జప్తు చేసే అధికారం మాత్రం ఉండాలని అదే కమిటీ చెప్పింది. అలా అది 99ఎ సెక్షన్‌గా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి జారుకుంది. ప్రెస్ యాక్టు పేరు వింటే జనం మండిపడేవారు. ప్రొసీజర్ కోడ్‌ను వకీళ్లు తప్ప తెరిచి చూసేదెవరు? 1973లో అదే 95 అయింది, 2024 జులై నుంచి 98 అయింది. నంబర్లు మారాయి, సరుకు అదే.

ఆ రోజుల్లో దెబ్బ ఎలా తగిలేదో తెలుగువాళ్లకు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వల్ల తెలుసు. అది నవలే అయినా 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, ఎత్తేసింది, 1936లో మళ్లీ నిషేధించింది.

ఇప్పటి గొడవకు నేరుగా పనికొచ్చే కేసు 1976 నాటిది. పెరియార్ రామాయణం మీద రాసిన పుస్తకాన్ని లలై సింగ్ యాదవ్ హిందీలో వేస్తే 1969లో యూపీ ప్రభుత్వం జప్తు చేసింది. ఆ ఆర్డరుతో పాటు ఒక పట్టిక జతచేసింది: ఫలానా పేజీ, ఫలానా లైన్లు అని. అలహాబాద్ హైకోర్టు అదీ చాలదంది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ బెంచి కూడా అదే మాట చెప్పింది. ఆ లైన్లు ఎందుకు నేరమో ప్రభుత్వం తన కారణాలు రాయాలి, చాంతాడంత అక్కర్లేదు, క్లుప్తంగానైనా ఉండాలి, లేకపోతే ఆర్డరు చెల్లదు. ఇది ఎమర్జెన్సీ నడుమ, 1976 సెప్టెంబరులో వచ్చిన తీర్పు అని గుర్తుపెట్టుకుంటే దాని బరువు తెలుస్తుంది.

ఇప్పుడు శ్రీనగర్ నోటిఫికేషన్‌ను ఆ తీర్పుతో పోల్చి చూడండి. చరిత్రను వక్రీకరించడం, టెర్రరిస్టులను కీర్తించడం, భద్రతా బలగాలను కించపరచడం... ఇలా 25 పుస్తకాలకూ కలిపి ఒకటే వరస. ఏ పుస్తకంలో, ఏ పేజీలో అన్నది లేదు. పట్టిక ఇచ్చిన యూపీయే ఓడిపోయింది, ఇక్కడ ఆ పట్టిక కూడా లేదు.

ప్రభుత్వం చెప్పేది ఇదీ: ఈ సాహిత్యం తప్పుడు కథనాలతో వేర్పాటువాదాన్ని నూరిపోసి యువతను హింస వైపు నెడుతోంది. జాబితాలో జమాతే ఇస్లామీ స్థాపకుడు మౌదూదీ, ఈజిప్టులో ముస్లిం బ్రదర్‌హుడ్ స్థాపించిన హసన్ అల్ బన్నా పుస్తకాలున్న మాట కూడా నిజమే. వాటిని, యూనివర్సిటీ ప్రెస్సులు వేసిన పరిశోధన గ్రంథాలను ఒకే గాటన ఎందుకు కట్టారన్నదానికే జవాబు లేదు. ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా తనకు సంబంధం లేదన్నారు. హోం శాఖ లెఫ్టినెంట్ గవర్నర్ చేతిలో ఉంది, తాను ఎప్పుడూ పుస్తకాలను నిషేధించలేదు, నిషేధించను అని.

ఇది కశ్మీర్ గొడవే కదా అనుకునేవాళ్లకు ఒక్క విషయం. జప్తయిన పుస్తకాన్ని దేశంలో ఎక్కడ కనిపించినా పోలీసు తీసుకుపోవచ్చని ఆ సెక్షనే చెబుతోంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో స్కోఫీల్డ్ కాపీ దొరికితే ఆ రూలు దానికీ వర్తిస్తుంది.

నేరుగా వచ్చిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు తీసుకోలేదు, హైకోర్టుకే వెళ్లమంది. చట్టం ప్రకారం రెండు నెలల్లోపు వెళ్లాలి. అలా వెళ్లినవాళ్లలో రిటైర్డ్ ఎయిర్ వైస్ మార్షల్ కపిల్ కాక్, మాజీ ప్రధాన సమాచార కమిషనర్ వజాహత్ హబీబుల్లా ఉన్నారు, జాబితాలోకెక్కిన రచయిత సుమంత్ర బోస్ ఉన్నారు. నూరానీ 2024 ఆగస్టులోనే చనిపోయారు. ఆయన పుస్తకం తరఫున కూడా వీళ్లే మాట్లాడాలి.