‘ఫ్రాజైల్’ అని రాస్తే పార్శిల్ పగలదా?

పోయిన వారం మళ్లీ అదే జరిగింది. మా పోస్టాఫీసు కౌంటర్ మీద ఒకాయన పెట్టె పెట్టారు. ఆరు వైపులా ఎర్ర స్కెచ్ పెన్‌తో ‘ఫ్రాజైల్’, ‘గాజు సామాను, జాగ్రత్త’ అని రాసి ఉంది. చేతిలోకి తీసుకుని కొంచెం ఊపితే లోపల గలగలమంది. “లోపల ఇంకొంచెం గట్టిగా సర్దాలండీ” అన్నాను. “అంత పెద్దగా రాశాను కదండీ, మీవాళ్లు చూసుకోరా?” అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఎవరిని అడిగినా ఆ సలహానే ఇస్తారు మరి.

అపోహ: స్టిక్కర్ అంటిస్తే పార్శిల్‌ని ప్రత్యేకంగా చూస్తారు.

వాస్తవం: దారిలో ఎక్కువ భాగం ఆ స్టిక్కర్ చదివే మనిషే ఉండడు.

కౌంటర్‌కి రాకముందు నేను ఎనిమిదేళ్లు సార్టింగ్‌లో, అంటే టపాని ఊళ్లవారీగా వేరుచేసే చోట, నైట్ డ్యూటీలు చేశాను. అక్కడ పార్శిల్ బెల్టు మీద పోతుంది. మెషిన్‌కి కావాల్సింది బార్‌కోడ్. లేబుల్ కనిపించేలా పెట్టెను ఎటు తిప్పాలో అటు తిప్పుతాం, మీరు గీసిన బాణం గుర్తు అప్పుడు కిందికే ఉండొచ్చు. ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి, అక్కణ్ణుంచి వాలు మీదుగా జారి బ్యాగులోకో ట్రాలీలోకో పడుతుంది. దాని మీద ఇంకొకటి, ఆపైన మరొకటి. మీ గాజు బొమ్మ మీద ఎవరిదో పుస్తకాల పెట్టె ఊరంతా తిరగొచ్చు. ఎవరూ విసరకుండా, అంతా పద్ధతిగా జరిగిన రోజున కూడా పెట్టెకి పడే దెబ్బలు ఇవి.

అందుకే ఆ కుదుపులకు తట్టుకునేలా పెట్టెలోనే సర్దాలి. ప్రతి వస్తువునూ విడిగా చుట్టండి. ఒకటి ఇంకోదానికి తగలకూడదు, ఏదీ పెట్టె గోడకి ఆనకూడదు. అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల మెత్తటి పొర ఉండాలి. కాగితం ఉండలు వదులుగా వేస్తే దారిలో అణిగిపోయి ఖాళీ ఏర్పడుతుంది, కాబట్టి కుక్కి పెట్టండి. ప్లేట్లను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టండి. మూత మధ్య గీతకీ, రెండు చివర్ల అంచులకీ వెడల్పాటి టేపు వేయండి. పైన తాడు కట్టొద్దు, బెల్టులో ఇరుక్కుంటుంది. పాత పెట్టె వాడితే దాని మీది పాత బార్‌కోడ్ పీకేయండి, లేకపోతే మెషిన్ దాన్ని చదివి పార్శిల్‌ని ఇంకెటో పంపిస్తుంది. రెండు అడ్రసులూ రాసిన చీటీ ఒకటి లోపల కూడా వేయండి, పై లేబుల్ ఊడిపోతే మాకు దారి చూపేది ఆ చీటీయే. చివరిగా ఊపి చూడండి. చప్పుడు వచ్చిందా, మళ్లీ విప్పి సర్దాల్సిందే.

ఇది చెప్పగానే వచ్చే మాట ఒకటుంది: “ఇన్సూరెన్స్ చేయిస్తున్నాంగా!” జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. దేశాల మధ్య టపాకి నియమాలు పెట్టే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ఒప్పందంలోనే స్పష్టంగా ఉంది: పంపినవారి తప్పు వల్ల గానీ, వస్తువు స్వభావం వల్ల గానీ నష్టం జరిగితే తపాలా సంస్థకి బాధ్యత లేదు. ఇన్సూరెన్స్ చేసిన పార్శిల్‌కీ ఇదే వర్తిస్తుంది. సరిగ్గా సర్దకపోవడం పంపినవారి తప్పు కిందికే వస్తుంది.

ఒక పెద్దావిడ తన తండ్రిగారి గోడ గడియారం కూతురికి పంపారు. లోలకం ఉన్న పాతకాలపు గడియారం. పెట్టె గట్టిది, చుట్టూ మెత్తలు, పైన స్టిక్కర్లు, ఇన్సూరెన్స్ కూడా ఉంది. లోలకం మాత్రం తీయలేదు. అది దారి పొడవునా ఊగి ఊగి లోపలి నుంచే అద్దాన్ని పగలగొట్టింది. క్లెయిమ్ ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి, “డబ్బు మాట వదిలేయమ్మా, నాన్న రోజూ తన చేత్తో కీ ఇచ్చేవారు” అన్నారు. ఆ పార్శిల్ బుక్ చేసింది నేను కాదు. అయినా అప్పటి నుంచి గడియారం అని వినగానే లోలకం తీశారా అని అడుగుతాను. రేడియో అంటే బ్యాటరీలు తీశారా అని, ఫొటో ఫ్రేమ్ అంటే అద్దం మీద టేపు అడ్డదిడ్డంగా వేశారా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, పర్వాలేదు.

మిగతావి త్వరగా చెప్తాను.

“పవర్‌బ్యాంక్ కూడా ఫోన్‌లాంటిదేగా?” కాదు. ఫోన్‌లో బ్యాటరీ పరికరం లోపల ఉంటుంది. పవర్‌బ్యాంక్ అంటే ఉత్త బ్యాటరీయే, విడి లిథియం బ్యాటరీలు విదేశీ విమాన టపాలో నిషిద్ధం. ‘బొమ్మలు’ అని వేరే పేరు రాసి పంపమని సలహాలిచ్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. 2010 సెప్టెంబరులో దుబాయ్ నుంచి బయల్దేరిన ఒక సరుకు విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకుకి మంటలంటుకుని ఇద్దరు పైలట్లూ చనిపోయారు. సెంటు సీసాలూ, స్ప్రే డబ్బాలూ కూడా ఇలాంటి నిషేధాల కిందికే వస్తాయి.

“గిఫ్ట్ అని రాస్తే కస్టమ్స్ ఉండదు.” గిఫ్ట్‌కీ డిక్లరేషన్ ఉంటుంది, విలువ రాయాలి. పన్ను వేయాలా వద్దా అనేది చేరే దేశం చూసుకుంటుంది.

“ట్రాకింగ్ నాలుగు రోజులుగా కదల్లేదు, పోయినట్టే.” ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ స్కాన్ చేసిన చోటే అప్‌డేట్ వస్తుంది. ఒక దేశం దాటాక రెండో దేశంలో మొదటి స్కాన్ పడేదాకా అక్కడ ఏమీ కనిపించదు. మరీ ఆలస్యమైతే విచారణకి రాసివ్వండి. విదేశీ టపాకి పోస్ట్ చేసిన మర్నాటి నుంచి 6 నెలలలోపు ఇవ్వాలి.

పగిలిన వస్తువు చేతికొస్తే మాత్రం కోపంలో పెట్టె పారేయకండి. పెట్టె, లోపలి మెత్తలు, లేబుల్ ఉన్నవి ఉన్నట్టే ఉంచి ఫొటోలు తీసుకుని, రసీదుతో సహా వెంటనే పోస్టాఫీసుకి తీసుకురండి. బాగా సర్దారని చూపించడానికి మీ చేతిలో ఉన్న సాక్ష్యం ఆ అట్టపెట్టె ఒక్కటే.