‘తీసుకోవచ్చు’ నుంచి ‘తీసుకోవాలి’ దాకా

మైనర్ కారు నడిపి ఎవరినో గుద్దాడన్న వార్త వస్తే చాలు, బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు వేడెక్కుతుంది. ఈ వారం మళ్లీ అదే. "కారు తోలడం వచ్చినవాడికి జైల్లో కూర్చోవడం రాదా?" అని మూడో అంతస్తు అంకుల్ నిలదీశారు.

నిందితుల్లో ఒకడు మైనర్ అయిన నిర్భయ కేసు, ఆ కోపంలోంచి పుట్టిన 2015 జువైనల్ జస్టిస్ చట్టం అందరికీ తెలిసినవే. పదహారు నిండినవాళ్లు ఘోర నేరం చేశారన్న ఆరోపణ ఉంటే పెద్దవాళ్లలా విచారించడానికి అది వీలు కల్పించింది. ముందు మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు మూడు సంగతులు చూడాలి: ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలిసే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు. ఇందుకు సైకాలజిస్టుల సాయం ‘తీసుకోవచ్చు’ అని రాశారు. నా లెక్కలో అసలు చిక్కంతా ఆ ‘వచ్చు’లోనే ఉంది.

2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌ స్కూల్లో రెండో తరగతి పిల్లాడు హత్యకు గురయ్యాడు. పోలీసులు మొదట బస్సు కండక్టర్‌ను పట్టుకున్నారు. తర్వాత సీబీఐ అదే స్కూల్లో పదకొండో తరగతి కుర్రాడిని అదుపులోకి తీసుకుంది. మరిన్ని పరీక్షలు చేయించమని సైకాలజిస్టు సూచించినా, బోర్డు అవి లేకుండానే పెద్దవాడిలా విచారించాలని తేల్చేసింది. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 జులై 13న సుప్రీంకోర్టు హైకోర్టునే సమర్థించింది. పొడిస్తే మనిషి చనిపోతాడని తెలియడం వేరు, దాని వల్ల అవతలి కుటుంబం, తన బతుకు ఏమవుతాయో తెలియడం వేరు అన్నది ఆ తీర్పులోని కీలకం. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం ‘తీసుకోవాల్సిందే’ అంది. చనిపోయిన పిల్లాడి తండ్రి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. తిరిగి మదింపు చేసిన బోర్డు అదే ఏడాది అక్టోబరులో మళ్లీ ‘పెద్దవాడిలానే’ అంది.

దాంతో భారం మానసిక వైద్యుల మీద పడింది. మన హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఈ మదింపుకు ప్రత్యేక పద్ధతే తయారుచేసింది. ఇల్లు, చదువు, స్నేహాలు, మత్తు అలవాటు, చిన్నప్పుడు తిన్న దెబ్బలు, అన్నీ అడుగుతారు. కానీ ఆ రోజు, ఆ నిమిషాన కుర్రాడి బుర్రలో ఏముందో ఇప్పుడు ఏ పరీక్షలో తేలుతుంది? పైగా మదింపుకు చట్టం పెట్టిన మూడు నెలల గడువు దాటినా ప్రక్రియ చెల్లకుండా పోదని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అది కర్ణాటక నుంచి వెళ్లిన కేసే. డాక్టరు ఎదుటికి వచ్చేసరికి కుర్రాడికి గడ్డం కూడా వచ్చేయొచ్చు.

ఇక కార్ల సంగతి. 2016లో ఢిల్లీలో మైనర్ నడిపిన మెర్సిడెస్ కిందపడి ఒకాయన చనిపోయారు. ఆ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లు ఉంటేనే అది ఘోర నేరం. ఆ కుర్రాడి మీద పెట్టిన, హత్య కిందికి రాని నరహత్యకు అంత కనీస శిక్ష లేదు; అందుకే పెద్దవాడిలా విచారించడం కుదరలేదు. మైనర్ కారు గుద్ది ఇద్దరు చనిపోయిన పుణె పోర్షే కేసులో పెద్దవాడిలా విచారించాలన్న పోలీసుల వినతిని అక్కడి బోర్డు 2025 జులైలో తోసిపుచ్చింది.

ఇదంతా గ్రూపులో పెట్టాను. అంకుల్ చివరిదాకా చదివి, ఆ మెర్సిడెస్ కుర్రాడి వయసెంతని అడిగారు. పద్దెనిమిదికి నాలుగు రోజులు తక్కువన్నాను.

"నాలుగు రోజులా!" అని ఊరుకున్నారు.