ఆరోగ్యశాఖలో పాలన ఖర్చు: అపోహలు - వాస్తవాలు

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) పద్దులు, సిబ్బంది ఫైళ్లు చూస్తూ ఉద్యోగం చేసినవాడిని. ఆరోగ్యశాఖలో పాలన ఖర్చు తగ్గించాలన్న మాట వచ్చినప్పుడల్లా వినిపించే కొన్ని అభిప్రాయాలకు జవాబు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అపోహ: ఆఫీసు సిబ్బందిని తగ్గిస్తే డబ్బు మిగులుతుంది.

వాస్తవం: పోస్టు పోతుంది కానీ పని పోదు. జూనియర్ అసిస్టెంటు లేని ఒక పీహెచ్‌సీలో జీతాల బిల్లులు తయారుచేస్తున్నది ఫార్మసిస్టు. నెలాఖరున ఆయన కంప్యూటరు ముందు కూర్చుంటే, బీపీ, షుగరు మాత్రల కోసం వచ్చిన ముసలివాళ్లు చీటీలు చేతపట్టుకొని మందుల కిటికీ కింద అరుగుమీద గంటల తరబడి కూర్చోవడం కళ్లారా చూశాను. వాళ్లు పోగొట్టుకున్న ఆ పూట ఏ పద్దులోనూ ఎక్కదు.

అపోహ: అంతా ఆన్‌లైన్ అయింది కనుక రాతపని తగ్గింది.

వాస్తవం: అసలు దుబారా ఇక్కడే ఉంది. పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే సబ్‌సెంటరులో ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త) ఒక గర్భిణి బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ చూసి ముందు తల్లీబిడ్డల కార్డులో రాస్తుంది, తర్వాత రిజిస్టరులో, సాయంత్రం సిగ్నల్ దొరికినచోట నిలబడి ఫోనులో, చివరికి నెలవారీ నివేదికలో అదే అంకెను కూడికలో చేరుస్తుంది. ఆరోగ్య సేవల నెలవారీ లెక్కలకు హెచ్‌ఎంఐఎస్ అనే పోర్టల్ 2008లో వచ్చింది, వ్యాధుల సమాచారానికి ఐహెచ్‌ఐపీ అనే పోర్టల్ 2021లో దేశమంతటా మొదలైంది. కొత్త పోర్టల్ వచ్చిన ప్రతిసారీ పాత రిజిస్టరు మూయమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పకపోవడంతో, ఆడిట్‌లో అడుగుతారన్న భయంతో కింది సిబ్బంది రెండూ నడుపుతున్నారు. ఏ రిజిస్టరు ఆపాలో ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, రూపాయి ఖర్చు లేకుండా ఎన్నో పనిగంటలు ప్రజలకు తిరిగి దక్కుతాయి.

అపోహ: జిల్లాలు పెరగడమే ఈ ఖర్చంతటికీ కారణం.

వాస్తవం: ఇందులో సగమే నిజం. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నాలుగు జిల్లాలైంది, 2019లో నారాయణపేట విడిపోయింది, ఆఫీసులు, వాహనాలు పెరిగాయి. అయితే అలంపూర్ నుంచి సమావేశం కోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మహబూబ్‌నగర్ రావలసిన వైద్యాధికారి ఇప్పుడు గద్వాలకు వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రాగలుగుతున్నారు. పర్యవేక్షణ దగ్గరలోనే ఉండాలి. వాహనాల మరమ్మతు, పద్దులు, కొనుగోళ్ల వంటివి మాత్రం రెండుమూడు పొరుగు జిల్లాలకు కలిపి ఒకేచోట నడపవచ్చునని నా అభిప్రాయం.

అపోహ: జిల్లాలోని సర్కారు దవాఖానాలన్నీ డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య, ఆరోగ్యాధికారి) కిందే ఉంటాయి.

వాస్తవం: ఆయన కింద ఉండేవి ముఖ్యంగా పీహెచ్‌సీలు, సబ్‌సెంటర్లు. ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్ అనే వేరే ప్రభుత్వ సంస్థ కింద నడుస్తూ వచ్చాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో మెడికల్ కళాశాలలు మొదలయ్యాక అక్కడి పెద్దాసుపత్రులు వైద్యవిద్య విభాగానికి చేరాయి. అందుకే కాన్పు కోసం పీహెచ్‌సీ నుంచి పెద్దాసుపత్రికి పంపిన మనిషి అక్కడికి చేరిందో లేదో తెలుసుకోవాలంటే, వైద్యాధికారి ఇప్పటికీ వెంట వెళ్లిన ఆశ కార్యకర్తకే ఫోన్ చేసి అడగవలసి వస్తోంది.