డ్యూకోనా, పీయూనా: గిటార్ మీది రంగు చెవికి వినబడుతుందా?

మా ఇంట్లో వార్డ్‌రోబులు చేయించినప్పుడు పెయింటర్ నన్ను అడిగిన మొదటి మాట, "డ్యూకో కొట్టమంటారా సార్, పీయూ కొట్టమంటారా?" అని. పీయూ గట్టిగా ఉంటుంది, రేటూ ఎక్కువే అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నది ఈ ప్రశ్న మీదే. కాకపోతే వాళ్ల గొడవ మన్నిక గురించి కాదు, మోత గురించి. నైట్రో, అంటే మన డ్యూకో, పూసిన గిటార్ నిండుగా పలుకుతుందట. పాలీ, అంటే పీయూ జాతి రంగులు, పూస్తే చెక్క గొంతు నొక్కేసినట్టు ఉంటుందట. ఈ నమ్మకం మీద వేలకు వేలు తగలేసినవాళ్లున్నారు. వాళ్లలో నేనొకణ్ని.

నైట్రో అంటే నైట్రోసెల్యులోజ్. దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో నానబెడితే వస్తుంది. అందులో నైట్రోజన్ పాలు పెరిగితే పేలుడు పదార్థం, తగ్గితే థిన్నర్‌లో కరిగి మెరిసే పొరగా ఆరే లాకర్. గోళ్ల రంగులో ఉండేదీ ఇదే. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ దీన్ని డ్యూకో పేరుతో కార్ల కోసం అమ్మింది. అంతకుముందు ఒక కారుకు రంగు వేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. మన పెయింటర్ల నోట్లో ఇప్పటికీ ఆడుతున్న 'డ్యూకో' అక్కడి నుంచి వచ్చినదే. గిటార్ కంపెనీలు కార్ల షెడ్లలో దొరికేదాన్నే తెచ్చుకున్నాయి. కాలిఫోర్నియాలో ఫెండర్ కంపెనీ తన స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ మీద వేసిన 'ఫియెస్టా రెడ్', ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు ఎరుపే. పాలీయురెథేన్ (పెయింటర్ అన్న పీయూ ఇదే), పాలియెస్టర్ తర్వాత వచ్చాయి. ఇవి థిన్నర్ ఎగిరిపోయి ఆరేవి కావు. రసాయన చర్య జరిగి గట్టిపడతాయి. దట్టంగా పోయవచ్చు, త్వరగా పని తేలుతుంది. ఫ్యాక్టరీకి అంతకంటే ఏం కావాలి?

ఇక అసలు సంగతి. ఎలక్ట్రిక్ గిటార్‌లో చెక్క మోతను ఎవరూ నేరుగా వినరు. తీగల కింద ఉండే పికప్ అంటే, అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన కాయిల్. ఉక్కు తీగ దాని మీద ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం కదిలి కాయిల్‌లో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే. అదే గిటార్‌కు నైలాన్ తీగ బిగించి మీటండి, ఆంప్లిఫయర్ నోరు విప్పదు. పికప్‌కు తెలిసింది తన ముందు ఊగే ఇనుము ఒక్కటే. వెనకాల చెక్క ఎర్రగా ఉందో నల్లగా ఉందో దానికి పట్టదు.

అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ 1940ల మొదట్లో నాలుగంగుళాల పైన్ దుంగ మీద తీగలు బిగించి, పికప్ పెట్టి వాయించాడు. బాగానే మోగింది. కానీ జనానికి ఆ దుంగ నచ్చలేదు. ఒక మామూలు గిటార్‌ను రెండుగా కోసి, ఆ ముక్కల్ని దుంగకు అటూ ఇటూ రెక్కల్లా తగిలించాడు. అప్పుడు నచ్చింది. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు విన్నవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. మామూలు మాండొలిన్ మీద నాదం నిలవదు, గమకం సాగదు. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని ఆ చిక్కు విప్పాడు.

సరే, రంగు పొర చెక్క కదలికను అణిచేస్తుంది, చెక్క తీగ శక్తిని తాగుతుంది కదా అనవచ్చు. లెక్క వేసి చూద్దాం. స్ట్రాటోకాస్టర్ బాడీ మందం 44 మిల్లీమీటర్లు. ముందు, వెనక, అంచులు కలిపి సుమారు 2,500 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. పొర మందం 0.1 మిల్లీమీటరు ఉంటే దాని బరువు 30 గ్రాములు. అర మిల్లీమీటరు మందాన దట్టంగా పోసిన పాలియెస్టర్ అయితే 150 గ్రాములు. బాడీ బరువు దాదాపు రెండు కిలోలు. ఒకే జాతి చెట్టులో రెండు పలకల మధ్యే అంతకు మించిన తేడా ఉంటుంది. పైగా అంత మందం పలక, తీగ దెబ్బకు వంగేది అంతంతమాత్రమే.

మామూలు గిటార్ లెక్క వేరు. దాని పై పలక మందం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. దాని మీద 15 గ్రాముల వార్నిష్ అంటే పదో వంతు. ఆ పలకే స్పీకర్ కాబట్టి అక్కడ రంగు గురించి ఆలోచించడం న్యాయమే. వయొలిన్‌కూ అంతే. అయినా మూడొందల ఏళ్ల కిందట ఇటలీలో స్ట్రాడివరి చేసిన పేరుమోసిన వయొలిన్ల వార్నిష్‌లో ఏదో రహస్యం ఉందన్న కథ పెద్దగా నిలవలేదు. పారిస్ సంగీత మ్యూజియంలోని ఐదు వాద్యాలను పరీక్షించి 2009 చివర్లో ఫలితాలు బయటపెడితే, తేలింది నూనె, పైన్ జిగురు, కొన్నింటిలో ఎర్ర రంగులు. ఆ కాలపు ఏ చిత్రకారుడి దగ్గరైనా దొరికే సరుకే.

చెక్కకు అసలు పాత్రే లేదని మాత్రం నేను అనను. తీగ రెండు కొసలూ కొద్దిగానైనా కదులుతాయి. ఆ కదలిక తీగ ఊపును తినేస్తుంది. ఫెండర్ బేస్ గిటార్‌లో జీ తీగ మీద 5-7 ఫ్రెట్ల (వేలితో నొక్కే మెట్ల) దగ్గర స్వరం టక్కున చచ్చిపోవడం వాయించేవాళ్లందరికీ తెలుసు. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ బృందం 1990లలో కొలిచి చూస్తే దోషి దొరికింది. వేళ్లు ఆడించే చోటు, సన్నగా, పొడుగ్గా ఉండే నెక్. బాడీ కాదు, దాని మీది పెయింట్ అంతకన్నా కాదు.

నా కథ చెప్పనేలేదు. సెకండ్‌హ్యాండులో కొన్న ఎర్ర గిటార్ ఒకటుండేది. హీట్‌గన్ పట్టుకుని రంగు ఊడగొట్టాను. ఎండిన కొబ్బరి చిప్పలా పెంకులు పెంకులుగా లేచింది. కింద చూస్తే నాలుగు చెక్కముక్కలు అతికించి, సందుల్లో లప్పం పెట్టి ఉంది. డాబా మీద నైట్రో స్ప్రే చేసి, రెండు వారాలు ఆరబెట్టి, మళ్లీ బిగించి ఆంప్‌కు తగిలించాను. అబ్బ! వేరే గిటార్‌లా ఉంది. నెలల తరబడి అందరికీ చెప్పాను. తర్వాతెప్పుడో కూర్చుని ఆలోచిస్తే తట్టింది. బిగించేటప్పుడు కొత్త తీగలు వేశాను. పికప్‌ను తీగలకు ఓ మిల్లీమీటరు దగ్గరగా ఎత్తాను. పొడుగాటి కేబుల్ పాడైతే పొట్టిది తెచ్చాను. ఈ మూడింటిలో ఏదైనా చెవికి స్పష్టంగా తెలిసేంత తేడా తెస్తుంది. కేబుల్ పొడుగైతే తీక్షణమైన పై స్వరాలు మొద్దుబారతాయి. అన్నిటికంటే పెద్ద తప్పు, రెండు వారాల కిందటి మోత నాకు గుర్తుందనుకోవడం.

పాత గిటార్ల మీద మోజులో ఇంకో తమాషా ఉంది. ఫెండర్ 1960లలో నైట్రో కింద ఫుల్లర్‌ప్లాస్ట్ అనే సీలర్, అంటే చెక్క రంధ్రాలు మూసే పూత, కొట్టేది. అదీ రసాయన చర్యతో గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పొరే. 'లేక్ ప్లాసిడ్ బ్లూ' లాంటి రంగులైతే నైట్రో కూడా కావు, లూసైట్ అనే ఆక్రిలిక్. నైట్రో కింద చెక్క ఊపిరి పీల్చుకుంటుందని లక్షలు పోసి కొన్నవాళ్లకు ఈ సంగతి చెబితే ముఖం మాడ్చుకుంటారు.

చేతికి తేడా తెలియడం మాత్రం నిజం. మే నెలలో చెమట చేత్తో మెరుపు పాలిష్ ఉన్న నెక్ పట్టుకుంటే బంకలా అంటుకుంటుంది. అరిగిన నైట్రో మీద చెయ్యి జారుతుంది. చెయ్యి హాయిగా ఆడితే వాయింపూ మారుతుంది.

ఇంతకీ చెవికి నిజంగా వినబడే పెయింట్ ఒకటుంది. నా గిటార్‌లో అది కనబడే చోట లేదు. పికప్‌లు, వైర్లు కూర్చునే గుంత లోపల బ్రష్‌తో పూసిన నల్లని గ్రాఫైట్ పెయింట్. దాన్ని ఎర్త్ వైరుకు కలిపితే ట్యూబ్‌లైటు, ఫ్యాను రెగ్యులేటర్ నుంచి వచ్చే బరబర చాలావరకు తగ్గుతుంది. డబ్బా చిన్నదే. రెండు పూతలు పూసి మూత బిగించేశాను.