ప్యూపాకు దక్కే కూలి

ఎడిన్‌బరోలో ఉంటున్న మా అక్క కొడుకు మొన్న ఫోనులో ఒక ప్రశ్న అడిగాడు. "మామా, మా అద్దె ఇంటి పెరట్లో చిన్న గాజు గది ఉంది, హీటరు మాత్రం లేదు. చిన్నప్పుడు అనంతపురంలో మన నిమ్మచెట్టు మీది పురుగులను డబ్బాలో పెట్టి పెంచేవాళ్లం కదా, అవి ఇక్కడ బతుకుతాయా?" ఎండాకాలమైతే బతకవచ్చని అప్పటికి చెప్పి ఊరుకున్నాను గానీ, ఆ జవాబు నాకే తృప్తిగా లేకపోయింది.

వాడు అడిగింది నిమ్మ సీతాకోకచిలుక గురించి. శాస్త్రీయ నామం పాపిలియో డెమోలియస్. మన చీనీ నర్సరీల్లో లేత ఆకులు మిగలనివ్వని పురుగు దీని పిల్లే. మొదట్లో అది పిట్ట రెట్టలా కనిపిస్తుంది. తరువాత ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. చివరికి పట్టుదారంతో నడుముకు ఉచ్చు వేసుకొని, పుల్లకు ఆనుకొని ప్యూపాగా, అంటే రెక్కలు వచ్చేదాకా కదలకుండా ఉండే గూడుగా, మారుతుంది. గుడ్డు, గొంగళి, ప్యూపా, సీతాకోకచిలుక అనే ఈ నాలుగు దశలనూ పాఠ్యపుస్తకంలో నాలుగు బొమ్మలుగా వేసి మధ్యలో ఒకే పొడవున్న బాణాలు గీస్తారు. ఒక్కో బాణానికి ఎన్ని రోజులు పడుతుందో నాకు ఏ పంతులూ చెప్పలేదు. మా వాడి ప్రశ్నకు జవాబంతా ఆ బాణాల పొడవులోనే ఉంది.

మా వరండాలో ఏప్రిల్‌లో కట్టిన ప్యూపా 9 రోజులకు విచ్చుకుంది, డిసెంబరులో కట్టినది 16 రోజులు తీసుకుంది. ఎందుకో తెలియాలంటే, పక్క ఊరికి ఆటోలో వెళ్లి శనక్కాయలు పీకే కూలీని తలచుకోవాలి. వచ్చిన కూలిలో ముందు ఆటో ఛార్జి పోతుంది, మిగిలినదే ఇంటికి చేరుతుంది. ప్యూపాకు కూలి వెచ్చదనం. లెక్క సులువు కోసం 12 డిగ్రీలను ఆటో ఛార్జి అనుకుందాం (ఇది జాతిని బట్టి మారుతుంది). ఏప్రిల్‌లో రాత్రింబవళ్ల సగటు 31 అయితే రోజుకు 19 మిగులుతాయి, 9 రోజులకు 171. డిసెంబరులో సగటు 23 అయితే రోజుకు 11, 16 రోజులకు 176. రెండూ దాదాపు ఒకటే. రబీలో వేసిన వేరుశనగ, అదే విత్తనమైనా, ఖరీఫ్ కన్నా ఎక్కువ రోజులు తీసుకోవడంలో ఉన్నదీ ఈ లెక్కే. డిగ్రీలను ఇలా రోజువారీగా కూడే ఆలోచనను ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమ్యూర్ 1735లోనే పంటల విషయంలో ప్రతిపాదించాడు.

మధ్యాహ్నం గాజు గదిలో 40 డిగ్రీలు దాటితే కూలి రెట్టింపు అవుతుందనుకోవడం పొరపాటు. ఒక హద్దు దాటాక ఎండ దెబ్బకు పనే ఆగిపోతుంది. పురుగు ఒంటిలోని ఎంజైములు దెబ్బతిని, సంపాదన లేకపోగా ప్రాణానికే ముప్పు వస్తుంది. రాత్రి వేడి 12 డిగ్రీల కన్నా కిందికి దిగితే కూలీ ఇంట్లోనే ఉండిపోతాడు. అప్పుడు కూడబెట్టింది తగ్గదు, పెరగదు. కానీ ఇంట్లో కూర్చున్నవాడూ అన్నం తినాలి కదా. ప్యూపాకు నోరు లేదు. గొంగళిగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వే దాని బియ్యం. సగటు 13 డిగ్రీలైతే రోజుకు ఒక్కటి చొప్పున 170 రోజుల్లో విచ్చుకోవాలని కాగితం మీద వస్తుంది గానీ, అంతకు ఎంతో ముందే మూటలో బియ్యం అయిపోతుంది.

ఎడిన్‌బరోలో జూలైలో కూడా పగటి గరిష్ఠం సగటున 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది, రాత్రి 11కు దిగుతుంది. గాజు గది పగలు బాగా వేడెక్కుతుంది, రాత్రికి ఇంచుమించు బయటి చలికే వచ్చేస్తుంది. వేడెక్కిన వస్తువులు వెదజల్లే, కంటికి కనబడని పరారుణ కిరణాలను గాజు బంధించడం వల్లే లోపల వేడి నిలుస్తుందని చాలామంది చెబుతారు. 1909లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్. డబ్ల్యు. వుడ్ ఒక పెట్టెకు గాజు మూత, ఇంకొకదానికి ఆ కిరణాలను పోనిచ్చే రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. లోపలికి వచ్చే ఎండను ముందుగా గాజుతో వడకట్టినప్పుడు, రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీ కూడా రాలేదు. గాజు చేసే ముఖ్యమైన పని వేడెక్కిన గాలిని పైకి పోనివ్వకపోవడమే. సూర్యుడు పోయాక వేడెక్కించేది ఉండదు, పలుచని గాజు గుండా వేడి జారిపోతుంది.

అందుకే పగటి వేడిని దాచి రాత్రికి వదిలే నీళ్ల డ్రమ్ము కావాలి. చలికాలం తెల్లవారుజామున మన బావి నీళ్లు వెచ్చగా తగులుతాయి కదా, లోతు నేలకూ, నీటికీ ఉన్న ఓపిక అలాంటిది. 200 లీటర్ల నల్ల డ్రమ్ము 22 డిగ్రీల నుంచి 12కు చల్లారితే దాదాపు 84 లక్షల జౌళ్ల వేడి, అంటే 2.3 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి వదులుతుంది. పది గంటల పొడవున్న రాత్రికి పంచితే సుమారు 230 వాట్లు. 20 చదరపు మీటర్ల ఒంటి పొర గాజు, ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 120 వాట్లు పోగొట్టుకుంటుంది. కాబట్టి ఒక డ్రమ్ము గదిని బయటికంటే దాదాపు రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచుతుంది. ఇంత శ్రమకు రెండు డిగ్రీలేనా అని నవ్వకూడదు: 11 కాస్తా 13 అయితే, ఆ రాత్రి ఆటో ఛార్జి పోను కాస్త మిగిలినట్టే. నాలుగు డ్రములు పెడితే ఎనిమిది డిగ్రీలు రావు, ఎందుకంటే ఆ చిన్న గదిలో పడే ఎండనే నాలుగూ పంచుకోవాలి.

రెక్కలు వచ్చాక లెక్క వేరు. ఎగరాలంటే ఛాతీ కండరాలు 30 డిగ్రీల దరిదాపులకు చేరాలి. డిసెంబరు ఉదయం మా వీధి చివర తంగేడు పొద మీద సీతాకోకచిలుక రెక్కలు బార్లా చాపి, కదలకుండా ఎండ కాచుకోవడం నేను చాలాసార్లు చూశాను. రెక్కల మొదట్లోని ముదురు పొలుసులు ఎండను పీల్చి ఛాతీకి అందిస్తాయి. ఆ పొడి కంట్లో పడితే చూపు పోతుందని చిన్నప్పుడు మమ్మల్ని బెదిరించేవారు. అది కైటిన్ (పురుగుల ఒంటి పెంకులో ఉండే పదార్థం) పొలుసుల పొడి, అంతకు మించి విషమేమీ కాదు. గాజు గదిలో మబ్బు పట్టిన రోజున ఈ కాపడం దొరకదు, కాబట్టి తేనె ఉన్న పువ్వు రెండడుగుల దూరంలో ఉన్నా సీతాకోకచిలుక పస్తు ఉంటుంది.

గుడ్డు నుంచి రెక్కల దాకా ఆటో ఛార్జి పోను మొత్తం 450 డిగ్రీలు కావాలనుకుంటే, సగటు 18 ఉన్న గదిలో రోజుకు 6 చొప్పున 75 రోజులు. జూన్ మొదట్లో పెట్టిన గుడ్డు ఆగస్టు మధ్యలో ఎగురుతుంది. అంటే ఏడాదికి ఒక్క తరం. రెండో తరం గొంగళి సగం ఎదిగేసరికి చలి వస్తుంది. బ్రిటన్‌లో నార్‌ఫోక్ చిత్తడి నేలల్లో బతికే పాపిలియో మకాన్ దీనికి చుట్టమే గానీ, అది పగలు కురచ కావడాన్ని గొంగళిగా ఉన్నప్పుడే గుర్తించి, ప్యూపాలో ఎదుగుదలను ఆపేసి, గడ్డకట్టే చలిలోనూ వసంతం దాకా నిద్రపోతుంది. మన నిమ్మ సీతాకోకచిలుకకు అంత చలిని దాటించే నిద్ర లేదు.

సెప్టెంబరుకు మిగిలిన ప్యూపాలను ఇంట్లోకి తెచ్చుకోమని వాడికి రాశాను. తలుపు తీసి బయటికి వదలవద్దనీ రాశాను. పరదేశపు జీవులను అలా వదలడం అక్కడ 1981 నాటి చట్టం ప్రకారం నేరం. ఈ సీతాకోకచిలుకే 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించి, అక్కడి నుంచి కరీబియన్ నిమ్మజాతి తోటలకు పాకింది. ఇంట్లో వెచ్చని చోటు లేదంటే రెయోమ్యూర్ చేసిన పని ఉంది. ఆయన ప్యూపాలను గాజు గుడ్డులో అమర్చి పొదిగే కోడి కింద పెట్టాడు, కొద్ది రోజులకే అందులో సీతాకోకచిలుక విచ్చుకుంది. ఇది చదివి మా వాడు, "మామా, అద్దె ఇంట్లో కోళ్లను పెంచనివ్వరు" అని జవాబిచ్చాడు.